సర్టిఫికెట్టు ఏడు రోజుల్లో... నమ్మకం ఎన్నాళ్లకి?

నలభై దాటాక ఉద్యోగం మారాలనుకునేవారికి ఇప్పుడో కొత్త ఆశ... ఎన్‌ఎల్‌పీ. 'న్యూరో లింగ్విస్టిక్ ప్రోగ్రామింగ్ నేర్చుకోండి, లైఫ్ కోచ్ అయిపోండి' అంటూ సెల్‌ఫోన్ నిండా ప్రకటనలే. ఇంతకీ ఏమిటా విద్య? ఎక్కడ పుట్టింది? దాన్ని నమ్ముకుని ఉన్న కొలువు వదిలేయొచ్చా? నందిగామ, జగ్గయ్యపేట మధ్య రోజూ తిరిగే ఓ లెక్చరర్ ఇంట్లో మొదలైన ప్రశ్న ఇది.

ఆయన మా పెద్దమ్మ కొడుకు. ఇల్లు జగ్గయ్యపేటలో, ఉద్యోగం నందిగామలో. పదిహేనేళ్లుగా ఓ ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాడు. పొద్దున్నే చిల్లకల్లు దగ్గర బస్సెక్కితే మళ్లీ ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. 2020లో కరోనా వచ్చి కాలేజీ మూతపడినప్పుడు కొన్ని నెలలు సగం జీతమే ఇచ్చారు. ఆ సగం కూడా ఆగిపోయిన నెలలున్నాయి. అప్పట్నుంచీ ఆయనకు నిద్రలోనూ ఒకటే ఆలోచన... 'ఇంకేదైనా చెయ్యాలి'.

ఓ రాత్రి సెల్‌ఫోన్‌లో ఉచిత వెబినార్ చూశాడు. రెండు గంటలు. మాట్లాడినాయన బాగా మాట్లాడాడు. ఒకప్పుడు తానూ చిన్న జీతగాణ్నేనన్నాడు. ఏడు రోజుల శిక్షణ, చేతికి సర్టిఫికెట్టు, ఆ తర్వాత గంటకింత చొప్పున సంపాదన అన్నాడు. చివర్లో, 'ఈ రాత్రి పన్నెండులోపు కడితే ఫీజు సగమే' అన్నాడు. ఆ సగం కూడా అన్నయ్యకు నాలుగు నెలల జీతం.

మర్నాడు అన్నయ్య వదిన మెడలో గొలుసు వంక చూశాడు. వదిన ఆయన మొహం వంక చూసింది. ఆ సాయంత్రం నాకు ఫోనొచ్చింది.

''తమ్ముడూ, పేపర్లో పనిచేస్తావుగా... ఇది నిజమో కాదో కాస్త కనుక్కుని చెప్పు. మీ వదిన నా మాట వినట్లేదు.''

వెనకనుంచి వదిన గొంతు వినిపించింది. ''వినకపోవడం కాదు మరిదీ. ఉద్యోగం మానేస్తానంటున్నారు. అది అడుగు.''

అలా మొదలైంది ఈ వెతుకులాట.

అమెరికాలో పుట్టిన కిటుకు

ఎన్‌ఎల్‌పీ పుట్టిల్లు అమెరికాలోని శాంటాక్రూజ్. అక్కడి కాలిఫోర్నియా యూనివర్సిటీలో 1970ల మొదట్లో రిచర్డ్ బ్యాండ్లర్ విద్యార్థి. జాన్ గ్రైండర్ భాషాశాస్త్రం చెప్పే అధ్యాపకుడు. ఆ రోజుల్లో మనసు వైద్యంలో ముగ్గురి పేర్లు మార్మోగేవి. ఫ్రిట్జ్ పెర్ల్స్, కుటుంబాల తగవులు తీర్చే వర్జీనియా సతీర్, హిప్నాటిజంతో చికిత్స చేసే మిల్టన్ ఎరిక్సన్. మిగతావాళ్లకు సాధ్యం కానిది వీళ్లకెలా సాధ్యమవుతోంది? వాళ్లు వాడే మాటల్లో, అడిగే ప్రశ్నల్లో, కూర్చునే తీరులో ఏదో కిటుకు ఉండాలి. దాన్ని పట్టుకుంటే ఎవరైనా నేర్చుకోవచ్చు కదా! ఇదీ ఆ ఇద్దరి ఆలోచన. 1975లో 'ది స్ట్రక్చర్ ఆఫ్ మ్యాజిక్' పేరుతో పుస్తకం వేశారు. మెల్లగా అది వర్క్‌షాపులుగా, కోర్సులుగా, పెద్ద వ్యాపారంగా మారింది.

మన భాషలో చెప్పాలంటే... పక్క చేలో ఎకరానికి నాలుగు క్వింటాళ్ల మిర్చి ఎక్కువ పండించిన రైతు దగ్గరికెళ్లి, ఏ మందు కొట్టాడో, ఎప్పుడు తడి పెట్టాడో రాసుకుని వచ్చి మనమూ అలాగే చేయడం. ఆలోచన మంచిదే. కానీ మెట్ట రైతుకు ఒక సంగతి తెలుసు. వాళ్ల నేల వేరు, మన నేల వేరు. ఆ రైతు రాయించని అనుభవం ఒకటుంటుంది. ఎన్‌ఎల్‌పీ చిక్కంతా అక్కడే ఉంది.

తర్వాతి కాలంలో ఆ ఇద్దరూ విడిపోయారు. పేరు మీద హక్కు ఎవరిదన్న గొడవ 1990ల్లో కోర్టుకెక్కింది. చివరికి ఆ పేరు ఏ ఒక్కరి సొత్తూ కాకుండా మిగిలింది. అందుకే ఇవాళ ఎవరైనా ఎన్‌ఎల్‌పీ సంస్థ పెట్టొచ్చు. ఎవరైనా సర్టిఫికెట్టు అచ్చు వేయొచ్చు. ప్రపంచం మొత్తానికీ కలిపి ఒక బోర్డు, ఒక పరీక్ష అంటూ ఏమీ లేవు.

ఇంతకీ ఏం నేర్పుతారు?

ముందుగా నేర్పేది 'రాపో'. ఎదుటి మనిషితో సులువుగా కలిసిపోవడం. అతను మెల్లగా మాట్లాడితే మనమూ మెల్లగా మాట్లాడాలి. ముందుకు వంగితే మనమూ వంగాలి. పెళ్లిచూపుల్లో పెద్దమనుషులు, సంతలో పశువుల బేరగాళ్లు, గడపలో కూర్చుని ఎరుక చెప్పే సోదెమ్మ... వీళ్లంతా ఏ కోర్సూ చదవకుండానే చేసే పని ఇది.

రెండోది 'యాంకరింగ్'. మంచి జ్ఞాపకం ఒకటి తలచుకుంటూ బొటనవేలూ చూపుడువేలూ నొక్కిపెట్టడం. మళ్లీ మళ్లీ అలా చేస్తే, వేళ్లు నొక్కగానే ఆ ధైర్యం వస్తుందంటారు.

మూడోది 'రీఫ్రేమింగ్'. చూసే చోటు మార్చడం. 'పరీక్ష తప్పాను' అనేవాడిని 'ఏ పాఠం రాదో తెలిసింది' అనేలా చేయడం. నాలుగోది ప్రశ్నలు. 'నా మాట ఎవరూ వినరు' అంటే 'ఎవరూ అంటే... ఒక్కరు కూడానా?' అని అడగడం. అలా మనిషి తన మాటను తానే సరిచూసుకునేలా చేస్తారు.

కోర్సుకు మెట్లూ ఉంటాయి. మొదట ప్రాక్టీషనర్, తర్వాత మాస్టర్ ప్రాక్టీషనర్, ఆపైన ట్రైనర్. ఒక్కో మెట్టుకు ఒక్కో ఫీజు. కొన్నిచోట్ల మెట్టు ఎక్కడానికి వారాలు పడితే, కొన్నిచోట్ల మూడు రోజులు చాలు!

ప్రయోగాలు ఏం చెప్పాయి?

అన్నయ్య ఫిజిక్స్ మాస్టారు. లెక్క ప్రకారం ఈ ప్రశ్న ఆయనే వేయాలి.

ఎన్‌ఎల్‌పీని పరీక్షించినవాళ్లు లేకపోలేదు. మనుషుల సామర్థ్యాన్ని పెంచే పద్ధతుల మీద పరిశీలన చేయమని అమెరికా సైన్యం అక్కడి నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌ను కోరింది. 1988లో వచ్చిన నివేదికలో ఎన్‌ఎల్‌పీ ప్రస్తావనా ఉంది. అది చెప్పుకునే గొప్పలకు ఆధారాలు కనిపించలేదన్నది సారాంశం. 2012లో బ్రిటన్‌లో కుటుంబ వైద్యుల పత్రిక ఒక సమీక్ష అచ్చువేసింది. ఆరోగ్య సమస్యల మీద ఎన్‌ఎల్‌పీ వాడి చూసిన పది అధ్యయనాలను వడపోశారు. అది మేలు చేస్తుందనడానికి తగినన్ని రుజువులు లేవని తేల్చారు.

కళ్ల సంగతి మరీ ప్రచారం పొందింది. కుడివైపు పైకి చూస్తే అబద్ధమనీ, ఎడమవైపు పైకి చూస్తే నిజమనీ చాలామంది చెబుతుంటారు. దీన్ని బ్రిటన్‌లో రిచర్డ్ వైజ్‌మన్ బృందం ప్రయోగం చేసి చూసింది. 2012లో ఫలితం ప్రకటించింది. చూపుకీ అబద్ధానికీ వాళ్లకు ఏ సంబంధమూ దొరకలేదు. ఇది విన్నాక నందిగామలో ఏ అత్తగారూ కోడలి కళ్లు చూసి తీర్పు చెప్పకపోవడం మంచిది!

అలాగని అంతా దండగేనా? కాదు. శ్రద్ధగా వినడం, మంచి ప్రశ్న అడగడం, చూసే కోణం మార్చడం... ఇవి ఎవరు చేసినా మంచి పనులే. ఎన్‌ఎల్‌పీ కంటే ముందూ ఉన్నాయి, తర్వాతా ఉంటాయి. తేడా వచ్చేదల్లా 'పదేళ్ల భయం పది నిమిషాల్లో పోగొడతాం' అన్నప్పుడే.

కోచింగ్ వేరు, ఎన్‌ఎల్‌పీ వేరు

ప్రకటనల్లో రెండూ కలిపేస్తారు గానీ రెండూ ఒకటి కావు. కోచింగ్ అంటే మన దగ్గర ఎంసెట్, బ్యాంకు పరీక్షలే గుర్తొస్తాయి. ఈ కోచింగ్ అది కాదు. సలహా ఇవ్వకుండా, ప్రశ్నలతో ఎదుటి మనిషి తన దారి తానే వెతుక్కునేలా చేయడం.

దీని మూలం ఆటల్లో ఉంది. టెన్నిస్ నేర్పే టిమతీ గాల్వే 1974లో ఒక పుస్తకం రాశాడు. ఆటగాడి అసలు ప్రత్యర్థి వల అవతల కాదు, వాడి బుర్రలోనే ఉన్నాడన్నది ఆయన మాట. కారు పందేల్లో పోటీపడిన జాన్ విట్‌మోర్ ఆ ఆలోచనను ఆఫీసులకు తెచ్చాడు. ఏం కావాలి, ఇప్పుడెక్కడున్నావు, ఏయే దారులున్నాయి, ఏం చేస్తావు... ఈ నాలుగు ప్రశ్నల పద్ధతికి ఆయన 1992 నాటి పుస్తకంతో మంచి పేరొచ్చింది. ఆఫీసుల్లో ఇచ్చే కోచింగ్ మీద జరిగిన 18 అధ్యయనాలను 2014లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఒకచోట చేర్చి చూస్తే, పనితీరు మీదా మనసు నిబ్బరం మీదా మంచి ప్రభావమే కనిపించింది.

ప్రపంచంలో ఎక్కువమంది గుర్తించే సంస్థ 1995లో మొదలైన ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్. దాని మొదటి గుర్తింపు కావాలంటే కనీసం 60 గంటల శిక్షణ ఉండాలి. 100 గంటలు మనుషులతో కూర్చుని కోచింగ్ చేసి ఉండాలి. అందులో 75 గంటలు డబ్బు తీసుకుని చేసినవై ఉండాలి. ఒక సీనియర్ దగ్గర 10 గంటలు దిద్దుబాటు. ఆపైన పరీక్ష. రెండో మెట్టుకు 500 గంటల అనుభవం, మూడో మెట్టుకు 2,500 గంటలు!

అన్నయ్యతో కలిసి లెక్కేశాను. వారానికి రెండు గంటలు దొరికితే వంద గంటలకు 50 వారాలు. అంటే దాదాపు ఏడాది. ''మరి వాళ్లు ఏడు రోజులన్నారే?'' అన్నాడు. ''ప్రాక్టికల్స్ చేయకుండా నువ్వు మార్కులేస్తావా అన్నయ్యా?'' అన్నాను. నవ్వి ఊరుకున్నాడు.

ఇంకో సంగతి. ఆ గుర్తింపు కూడా ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు కాదు. మన దేశంలో 'కోచ్' అని బోర్డు పెట్టుకోవడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. ఆ సౌకర్యమే ప్రమాదం కూడా.

మన తెలుగువాళ్లు ఎలా ఎదిగారు?

ఉద్యోగం వదిలి మనసుల మీద పనిచేసిన తెలుగువాళ్లు మనకు కొత్త కాదు. 2025లో కన్నుమూసిన బి.వి.పట్టాభిరామ్ ఒకప్పుడు ఫుడ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాలో ఉద్యోగి. ముందు మెజీషియన్‌గా ఊరూరా వేదికలెక్కారు. తర్వాత హిప్నాటిజం, ఆపైన సైకాలజీ చదువు, కౌన్సెలింగ్, పుస్తకాలు... ఇలా ఒక్కో మెట్టూ ఎక్కారు. యండమూరి వీరేంద్రనాథ్ చార్టర్డ్ అకౌంటెంట్. ఆర్థిక సంస్థలో, బ్యాంకులో ఏళ్లకేళ్లు పనిచేశారు. నవలలతో ఇంటింటికీ చేరాకే 'విజయానికి ఐదు మెట్లు' వంటి వ్యక్తిత్వ వికాస పుస్తకాలు రాశారు.

ఇద్దరిలోనూ ఒక పోలిక ఉంది. జనం వాళ్లను నమ్మింది గోడకు వేలాడే సర్టిఫికెట్టు చూసి కాదు. ముందే ఒక పనిలో పేరు తెచ్చుకున్నారు. ఎదురుగా కూర్చున్న జనం నాడి ఏళ్ల తరబడి తెలుసుకున్నారు. కొత్త వృత్తి ఆ పాతదాని మీద మొలిచింది.

ఈ లెక్కన అన్నయ్య చేతిలో ఉన్న పెట్టుబడి గొలుసు కాదు... పదిహేనేళ్ల క్లాసు గది!

మెట్టలో ఎవరికి కావాలి?

కృష్ణా జిల్లా అంటే కాలవలు, వరిచేలు గుర్తొస్తాయి. 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్న ఈ మెట్ట వేరు. వానను, బోరును, సాగర్ ఎడమ కాలువ చివరి నీళ్లను నమ్ముకున్న నేల. పత్తి, మిర్చి, సుబాబుల్ తోటలు. జగ్గయ్యపేట చుట్టూ సున్నపురాయి, సిమెంటు ఫ్యాక్టరీలు. విజయవాడ, హైదరాబాద్ హైవే మీద తిరిగే లారీలు. ఇక్కడ గంటకు వేలు పోసి 'జీవిత లక్ష్యం' తెలుసుకునేవాళ్లు ఎంతమంది? నగరంలో ఐటీ కంపెనీ మేనేజరుకు కంపెనీయే కోచ్‌ను పెడుతుంది. ఇక్కడ పత్తి రైతుకు ఎవరు పెడతారు?

అవసరం లేదని కాదు. ఇంటర్ పిల్లల పరీక్ష భయం ఉంది. పంట పోయిన ఇంట్లో మౌనం ఉంది. మందు మానలేని మగవాళ్లున్నారు. కానీ ఇక్కడే జాగ్రత్తపడాలి. ఊళ్లో 'మనసు డాక్టరు' అని పేరు పడగానే తలుపు తట్టేది లక్ష్యాల కోసం వచ్చే మేనేజర్లు కాదు. అప్పుల్లో మునిగి నిద్రపట్టని రైతు. మూడు వారాలుగా అన్నం ముట్టని కూతురిని వెంటబెట్టుకొచ్చిన తల్లి. వాళ్లకు కావలసింది వేళ్లు నొక్కుకునే కిటుకు కాదు, వైద్యం. ఏడు రోజుల శిక్షణతో అక్కడ చెయ్యి పెట్టడమంటే ఒక ప్రాణంతో ఆడుకోవడమే. నష్టపోయేది ఫీజు మాత్రమే కాదు.

మానసిక వైద్యుడంటే ఎంబీబీఎస్ తర్వాత సైకియాట్రీ చదివిన డాక్టరు. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి. అంతెందుకు... దూరవిద్యలో సైకాలజీ కోర్సులు ఇక వద్దని 2025లో యూజీసీ ఆదేశించింది. క్లాసుకు రాకుండా, మనుషులను చూడకుండా ఈ చదువు కుదరదన్నమాట. యూనివర్సిటీ డిగ్రీకే అంత పట్టింపు ఉంటే, సెల్‌ఫోన్‌లో మూడు రోజుల కోర్సు ఏపాటి?

గొలుసు ఏమైంది?

ఇదంతా ఓ ఆదివారం జగ్గయ్యపేట వెళ్లి అన్నయ్య ముందు పెట్టాను. చాలాసేపు మాట్లాడలేదు. ''అంటే నేను ఈ ఉద్యోగంలోనే ముసలాణ్నయిపోవాలా?'' అన్నాడు చివరికి. ఆ ప్రశ్నకు నా కాగితాల్లో జవాబు లేదు. ఆయన బాధ నిజం. ప్రకటన ఇచ్చినవాళ్లు పట్టుకున్నదీ ఆ బాధనే.

పెద్దమ్మే అంది. ''మారొద్దని ఎవరన్నార్రా? గట్టు మీద నిలబడి లోతు చూసుకో అంటున్నాం.''

ఉద్యోగం మానలేదు. ఫీజూ కట్టలేదు. కాలేజీవాళ్లను అడిగి శనివారం సాయంత్రం ఒక గంట తీసుకున్నాడు. పాఠం చెప్పడు. ఫిజిక్స్ అంటే భయపడే పిల్లలను ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి వింటాడు. నాలుగు ప్రశ్నలు అడుగుతాడు. ఒక నోటుపుస్తకం పెట్టుకుని ఎన్ని గంటలయ్యాయో రాస్తున్నాడు.

రెండో నెలలో ఒక కుర్రాడు వచ్చాడు. పరీక్ష భయమని పంపారు. పది నిమిషాలు విన్నాక అది పరీక్ష భయం కాదని అన్నయ్యకు అర్థమైంది. వాడికి బతకాలనే లేదు. అన్నయ్య ఏ కిటుకూ ప్రయోగించలేదు. వాణ్ని ఒంటరిగా వదల్లేదు. వాళ్ల నాన్నకు ఫోన్ చేసి పిలిపించాడు. మర్నాడు ఆ ఇద్దరితో కలిసి తనే విజయవాడ బస్సెక్కి సైకియాట్రిస్టు దగ్గర కూర్చున్నాడు. ఆ కుర్రాడు మందులు వాడుతున్నాడు. మళ్లీ కాలేజీకొస్తున్నాడు.

''ఆ ఏడు రోజుల కోర్సు చేసుంటే నేనే నయం చేస్తానని కూర్చునేవాణ్నేమో తమ్ముడూ'' అన్నాడు మొన్న ఫోన్‌లో.

నోటుపుస్తకంలో 31 గంటలయ్యాయి. వందయ్యాక మంచి కోర్సు చూసుకుని చేరతాడట. ఫీజు కోసం నెలనెలా పోస్టాఫీసులో కొంత వేస్తున్నాడు.

గొలుసు వదిన మెడలోనే ఉంది.

ఫీజు కట్టే ముందు...

* 'ఈ రాత్రి పన్నెండులోపే' అంటే, కట్టొద్దు. మంచి కోర్సు వచ్చే నెలా ఉంటుంది.

* సర్టిఫికెట్టు ఎవరిస్తున్నారు? వాళ్లను గుర్తించిందెవరు? ఆ సంస్థ వెబ్‌సైటులో ఈ కోర్సు పేరుందో లేదో మీరే చూసుకోండి.

* శిక్షణ మొత్తం ఎన్ని గంటలు? అందులో మీరు కోచింగ్ చేస్తుండగా సీనియర్ ఎదురుగా ఉండి తప్పులు దిద్దే గంటలెన్ని?

* పాత విద్యార్థులు ముగ్గురితో మాట్లాడండి. వాళ్ల ఆదాయం కోచింగ్ నుంచి వస్తోందా, కొత్తవాళ్లను కోర్సులో చేర్పించడం వల్ల వస్తోందా?

* చేరాక నచ్చకపోతే డబ్బు వాపసిస్తారా? కాగితం మీద రాయించుకోండి. మోసం జరిగిందనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లొచ్చు.

* కనీసం ఏడాది ఇల్లు గడిచే సొమ్ము చేతిలో లేకుండా ఉద్యోగం వదలొద్దు. అప్పుచేసి, బంగారం తాకట్టుపెట్టి అసలే వద్దు.

* 'డిప్రెషన్ తగ్గిస్తాం, మందులు మాన్పిస్తాం' అనే కోచ్ దగ్గర నేర్చుకోవద్దు. అలాంటివారి దగ్గరికి ఎవరినీ పంపొద్దు.

* మీకు గానీ, మీ ఇంట్లోవాళ్లకు గానీ బతుకు మీద ఆశ పోతున్నట్టుంటే 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ సేవ ఇది. పగలూ రాత్రీ పనిచేస్తుంది. తెలుగులోనే మాట్లాడొచ్చు. పైసా ఖర్చుండదు.